ఎర్ర ఆవు లేని ఊరు

తిజ్‌రాన్‌లో ఎర్ర ఆవు లేదు. నల్లవి రెండున్నాయి, మచ్చలది ఒకటుంది, మేకలు బోలెడు. అయినా రీఫ్ కొండల్లో డ్యూటీ చేసిన ఏ పోలీసునడిగినా ఆ ఊరి ఎర్ర ఆవు గురించి చెబుతాడు. జీపు లోయ మలుపు తిరిగిందంటే చాలు, ఎక్కడో ఒక మిద్దె మీంచి ఆడగొంతు లేచేది: "ఎర్ర ఆవు చేలో పడిందోయ్." ఆ కేక ఎదుటి కొండకు తగిలి వెనక్కొచ్చే లోపల గంజాయి చేలల్లో ఒక్క మగాడు మిగిలేవాడు కాదు. కొడవళ్లు ఎక్కడివక్కడ పడేసి, పైనున్న దేవదారు అడవిలోకి ఉడాయించేవాళ్లు.

ఆ గొంతు మెన్నానాది. ఊరికి చివరిల్లు ఆమెది. ఆ మిద్దె ఎక్కితే లోయ మలుపు అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. ముందు ఆ పని ఆమె అత్తగారిది. ముసలావిడకు చూపు మందగించాక కోడలికి అప్పజెప్పింది. కేకతో పాటు ఇంకోటి కూడా అప్పజెప్పింది. జీపు వెళ్లిపోయి, దుమ్ము అణిగి, ఇక భయం లేదని రూఢి అయ్యాక, నడుముకు చుట్టుకున్న ఎర్ర చారల గుడ్డ, మందీల్ విప్పి మిద్దె అంచున ఆరెయ్యాలి. అది కనబడితేనే మగవాళ్లు అడవిలోంచి దిగేది. ఆవు విషయంలో ఆమె అబద్ధమాడిందేమో గానీ, మందీల్ విషయంలో ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ మాట తప్పలేదు. ఒకసారి అడవిలో వడగళ్లు పడుతున్నా, మొగుడు అక్కడ జ్వరంతో వణుకుతున్నాడని తెలిసినా, జీపు మలుపు అవతలే ఆగి ఉందన్న అనుమానంతో గుడ్డ ఆరెయ్యలేదు. అనుమానం నిజమే అయింది.

ఆ మొగుడు అల్లాల్. అతని పేరు మీద ఉన్న కేసు అతని కూతురి కంటే పెద్దది. తాత పండించాడు, తండ్రి పండించాడు, ఇతనూ అదే పండించాడు. ఆ రాళ్లలో ఇంకేం పండుతుందో చెప్పినవాడు ఇంతవరకూ లేడు. గుర్తింపు కార్డు లేదు, సంత మొహం చూడలేదు, పన్ను నొప్పెడితే లవంగమే డాక్టరు. కూతురి పెళ్లినాడు కూడా జీపు వచ్చి రోడ్డు మీద తిష్ఠ వేసింది. పెళ్లికూతురిని గాడిద మీద ఊరు దాటిస్తుంటే, తండ్రి పైన రాళ్ల వెనక నిలబడి చూశాడు. ఆ రోజు మందీల్ ఆరేసేటప్పుడు మెన్నానా ఏడ్చింది, కోపంతో ఏడ్చింది.

అలాంటి ఊళ్లో చట్టం మారింది. మత్తు లేని నార గంజాయి పండించుకోవచ్చన్నారు, లైసెన్సిస్తామన్నారు. కింద పట్నంలో కొత్తగా పెట్టిన మిల్లుకు కాడలు కావాలట, గుడ్డకీ తాళ్లకీ ఇటుకలకీ. ఊరంతా కలిసి సహకార సంఘం పెట్టుకున్నారు. అల్లాల్‌కు తమ్ముడి వరసైన అహ్మిదాన్ దానికి అధ్యక్షుడయ్యాడు, ఎందుకంటే ఊళ్లో కోటున్నవాడు అతనొక్కడే. ఆ మధ్యనే పాత కేసులన్నీ కొట్టేశారని కూడా కబురొచ్చింది. అల్లాల్ ఒక నెలపాటు నమ్మలేదు. నమ్మాక, లైసెన్సు మీద తన పేరు రాయించుకుని, ఆ కాయితాన్ని ఖురాన్ పెట్టే గూట్లో దాచాడు.

విత్తనాలు చల్లేరోజు మొగుడూ పెళ్లాలకు గొడవైంది.

"ఇంత ఒత్తుగా చల్లితే మొక్కకు ఊపిరాడొద్దా?" అన్నాడు అల్లాల్.

"కొమ్మ వెయ్యకుండా నిలువునా ఎదగాలట. కాడ కోసమేగా ఇదంతా. చల్లు."

"కాడ కోసం," అన్నాడతను, నోట్లో పుల్ల పడ్డట్టు మొహం పెట్టి. "ఇన్నేళ్లూ నువ్వు పొయ్యిలో పెట్టి రొట్టెలు కాల్చింది ఏంటో?"

"కాడలే. అంటే ఇన్నేళ్లూ పంటను పొయ్యిలో పెట్టి, తుక్కు కోసం నువ్వు అడవుల్లో పడుకున్నావన్నమాట."

అతను ఒత్తుగానే చల్లాడు.

జులైలో మళ్లీ అదే తంతు. మగ మొక్క ఉంటే మత్తు తగ్గుతుందని, కనబడితే పీకెయ్యడం ఆ కొండల్లో నడకొచ్చిన పసివాడికీ తెలిసిన విద్య. అల్లాల్ గట్టు మీద నడుస్తూ మాటల్లో పడి వంగి ఒకటి పీకాడు, రెండోదాని మీద చెయ్యి వేశాడు.

"ఏమయ్యా, చెయ్యి ఊరుకోదా?" అంది మెన్నానా. "మగదాని నారే మెత్తగా ఉంటుందని మీటింగులో చెప్పలా?"

"మీటింగు నేను విన్నానే. చెయ్యి వినలా."

కానీ పంట లేచాక అతని నడకే మారిపోయింది. ఆగస్టు చివరికి చేను మనిషి చేతులెత్తినా అందనంత ఎదిగింది, గాలి వస్తే ఒక్కటిగా వంగి ఒక్కటిగా లేచేది. అల్లాల్ కొస తుంచి వాసన చూసి, "వాసనే లేదు, మా తాత చూస్తే నన్ను ఇంట్లోంచి గెంటేసేవాడు" అని ఊరంతా చెప్పాడు. "మీ తాతని జైలుకు పంపింది ఆ వాసనే కదా" అంది మెన్నానా. ఆ సాయంత్రమే అతను నాలుగు కాడలు వాగులో నానేసి, వారం పోయాక నార ఒలిచి తాడు పేని, ఊళ్లోకల్లా మొండి మేకపోతుకు కట్టాడు. అది పొద్దస్తమానం గుంజుకుని గుంజుకుని అలిసి పడుకుంది. తాడు తెగలేదు. ఆ తాడును అల్లాల్ మసీదు మెట్ల మీద అందరి చేతా లాగించాడు. మనిషి అంత పొంగిపోవడం మెన్నానా పెళ్లినాటి నుంచీ చూడలేదు.

మిగిలింది ఒక్కటే, కోత ముందు తనిఖీ. ఎవరి పేరున లైసెన్సుందో వాళ్లు తమ చేలో నిలబడాలి, పేరు పిలిస్తే పలకాలి. మనిషి లేని చేను దొంగ చేను కింద లెక్క. అక్కడికక్కడే కోసి తగలబెడతారు. అహ్మిదాన్ ఈ సంగతి మసీదు దగ్గర చదివి వినిపించి, "ఇకనుంచి మనం రైతులం, లైసెన్సున్న రైతులం, జీపును చూసి పారిపోయే రోజులు పోయాయి" అని కోటు గుండీలు పెట్టుకున్నాడు.

మెన్నానాకు మిల్లు ఇచ్చే డబ్బు కంటే ఆ పిలుపు మీదే ప్రాణం. రోడ్డు మీద నిలబడి పోలీసులు మొగుడి పేరు పిలవడం ఆమె చాలాసార్లు వింది. అతను పలకడం ఒక్కసారీ వినలేదు. ఒక్కసారి వినాలి, పట్టపగలు, సొంత చేలో.

గురువారం వస్తామన్నవాళ్లు బుధవారమే వచ్చారు.

మెన్నానా మిద్దె మీద అంజూరాలు ఎండబోస్తోంది. మగవాళ్లు కింద చేల గట్లు చెక్కుతున్నారు, రేపటికి శుభ్రంగా ఉండాలని. లోయ మలుపులో దుమ్ము లేచింది. ఆమె తల ఎత్తింది, జీపును చూసింది, అంతే.

"ఎర్ర ఆవు చేలో పడిందోయ్..."

కొండ తిరిగి అరిచేదాకా ఆ కేక తనదేనని ఆమెకు తెలియలేదు. తెలిశాక గభాలున రెండు చేతులతో నోరు మూసుకుంది, మూసుకుని ఏం లాభం? చేలు ఒక్కసారి కదిలాయి. అందరికంటే ముందు కోటు పరుగెత్తింది. దాన్ని దాటేసి అల్లాల్ పరుగెత్తాడు, ఒక కాలికి చెప్పు లేదు. "ఆగండి, నేను పొరపాటున అరిచాను, వెనక్కి రండి" అని ఆమె గొంతు చించుకుంది. మిద్దె మీంచి ఆ గొంతు ఇంకా గట్టిగా వినబడేసరికి వాళ్లు ఇంకా వేగంగా పరుగెత్తారు. చూస్తుండగానే ఊళ్లో మగవాడన్నవాడు లేకుండా పోయాడు.

"నా నోరు పడిపోను," అనుకుంది మెన్నానా. "ముప్పై ఏళ్లు కాపాడి చివరికి నేనే తగలబెట్టించాను."

జీపు ఆమె ఇంటి ముందే ఆగింది. అందులోంచి ఒక పాతికేళ్ల అమ్మాయి దిగింది, మెడలో కార్డు, చేతిలో సంచులు. వియామ్ అని, తనిఖీ ఇంజనీరు. ఆమె వెనక సార్జెంటు జిలాలీ దిగాడు. అతను మైదానం మనిషి, మీసాలు నెరిసిపోయాయి, ఈ కొండల్లో గంజాయి రైతుల్ని తరమడంలోనే సర్వీసంతా అరిగిపోయింది. చేల వైపు చూశాడు. నేల మీద కొడవళ్లు, ఒంటరి చెప్పు ఒకటి, ఇంకా ఆవిరి వస్తున్న టీ కెటిలు. తర్వాత మిద్దె వైపు చూశాడు.

"అయితే నువ్వేనా తల్లీ," అన్నాడు. "పదకొండేళ్లు ఈ ఊళ్లో ప్రతి కొట్టంలో దూరి చూశాను. ఏదీ ఆ ఎర్ర ఆవు?"

"చచ్చిపోయింది," అంది మెన్నానా.

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

సార్జెంటు మీసాల కింద ఏదో కదిలింది గానీ పైకి తేలనివ్వలేదు.

"పిన్నీ, వీళ్లంతా ఎందుకు పారిపోయారు?" అంది వియామ్. "ఇవన్నీ లైసెన్సున్న చేలే కదా?"

"లైసెన్సు ఉందని వాళ్ల బుర్రకు తెలుసమ్మా. కాళ్లకే ఇంకా తెలీదు. నా గొంతుకూ తెలీలేదు."

"నేను సాయంత్రం లోపల ఇంకో ఊరు చూడాలి. మనిషి లేకపోతే లేడనే రాయాలి. నా చేతిలో ఏం లేదు."

"రాద్దువు గానీ. ముందు కూర్చో. మా గడప దాకా వచ్చి టీ తాగకుండా పోయినవాళ్లు లేరు. మూడు గ్లాసులు తాగాలి. మూడోది తాగకుండా లేస్తే ఆ అవమానం నేను చచ్చేదాకా మోయాలి. ఆయన్నడుగు, ఆయనకు తెలుసు ఇక్కడి పద్ధతి."

"నాకెవరు పోశారని తెలుస్తుంది?" అన్నాడు సార్జెంటు. "వచ్చినప్పుడల్లా తలుపులేగా చూశాను." అన్నాడే గానీ, అరుగు మీద టోపీ పెట్టి ముందు కూర్చున్నది అతనే.

మెన్నానా కెటిలు పొయ్యి మీద పెట్టింది. పుదీనా కడిగింది, అప్పుడే కడిగినదాన్ని మళ్లీ కడిగింది. మనసంతా నడుమున ఉన్న మందీల్ మీదే ఉంది. అడవిలో ఉన్నవాళ్లకు ఆమె కేక పారిపొమ్మనే చెబుతుంది, రమ్మని చెప్పేది ఆ గుడ్డ ఒక్కటే. కానీ జీపు గుమ్మంలో ఉండగా దాన్ని ఎన్నడూ ఆరెయ్యలేదు. ఆరేస్తే వాళ్లు వస్తారా? వచ్చాక ఆ నెరిసిన మీసాల వాడు ఏ పాత కేసో బయటకు లాగి అల్లాల్ చేతికి బేడీలు వేస్తే? ముప్పై ఏళ్ల గుడ్డ మొదటిసారి ఆడిన అబద్ధం మొగుడి మెడకే చుట్టుకుంటుంది. మొదటి గ్లాసు పోసి, ఆమె తిన్నగా సార్జెంటు ముందు నిలబడింది.

"ఒక మాట చెప్పు. అల్లాల్ పేరు మీద పాతదేమైనా నీ దగ్గర మిగిలి ఉందా?"

"లేదు లల్లా," అన్నాడతను, పెద్దింటి ఆడవాళ్లను పిలిచినంత మర్యాదగా. " అన్నీ కొట్టేశారు. కావాలంటే ఒట్టు వేస్తాను."

"మీ ఒట్లు నేనేం చేసుకోను? జేబులు చూపించు."

వియామ్ తాగుతున్న టీ గొంతుకడ్డం పడి దగ్గింది. సార్జెంటు కాసేపు మెన్నానా మొహంలోకి చూశాడు. ఆమె చూపు దించలేదు. అతను నింపాదిగా లేచి, చొక్కా జేబులూ ప్యాంటు జేబులూ ఒక్కోటీ తిరగేసి అరుగు మీద గుమ్మరించాడు. తాళాలు, చేతి రుమాలు, పొద్దుతిరుగుడు గింజలు, తలనొప్పి బిళ్లలు. చివరికి సంకెళ్లు కూడా నడుము మీంచి తీసి టీ పళ్లెం పక్కన పెట్టాడు.

"ఇంక చొక్కా విప్పమనకు," అన్నాడు. "చలి."

మెన్నానా మిద్దెక్కింది. మందీల్ విప్పి, దులిపి, అంచున ఆరేసి, ఎగిరిపోకుండా రెండు రాళ్లు పెట్టింది. దేవదారు అడవి కదల్లేదు. కింద జీపు మెరుస్తోంది, పైన గుడ్డ ఊగుతోంది, రెండూ వాళ్లకు ఒకేసారి కనబడుతున్నాయి. ఆమె దిగొచ్చి రెండో గ్లాసు పోసింది. ఎంత పైనుంచి ఎంత సన్నగా పోసిందంటే, ఆ ధార చూసి సార్జెంటు తల పంకించాడు. మూడో గ్లాసుకు చక్కెర చాలలేదని వంక పెట్టి లోపలికెళ్లి, చక్కెర డబ్బా ముందే నిలబడి ఊపిరి పీల్చుకుని వచ్చింది. మూడోదీ పోసింది. వియామ్ మొహమాటంగా తాగింది. ఖాళీ గ్లాసు పళ్లెంలో పెట్టి, బోర్లించి, లేచి నిలబడింది.

"క్షమించు పిన్నీ," అంది.

"అటు చూడమ్మా," అన్నాడు సార్జెంటు.

అడవి అంచున ఒక మనిషి బయటికొచ్చాడు. ఒక్కడే. ఎప్పుడూ దిగే మేకల దారిన కాకుండా, అందరికీ కనబడే రోడ్డు పట్టుకుని దిగుతున్నాడు. కుంటుతున్నాడు, ఒక కాలికి చెప్పు లేదు.

పైన ఏం జరిగిందో ఆమెకు తర్వాత తెలిసింది. గుడ్డను ముందు చూసింది అహ్మిదానే. "పోలీసులు వదిన మెడ మీద కత్తి పెట్టి ఆరేయించారు, ఎవరూ కదలొద్దు" అన్నాడట. అందరూ అవునన్నారట. అల్లాల్ లేచి నిలబడి, "ముప్పై ఏళ్లలో ఆ గుడ్డ ఒక్కసారైనా అబద్ధం చెప్పిందా?" అని అడిగాడట. "కత్తి పెట్టినా ఆరెయ్యదురా అది. దాన్ని నేను ఎరుగుదును" అని, వెనక ఎవరొస్తున్నారో చూసుకోకుండా నడవడం మొదలుపెట్టాడట.

ఇప్పుడు అతని వెనక ఇంకొకరు కనబడ్డారు, ఆ వెనక ఇద్దరు, ఆ తర్వాత గుంపు. అందరికంటే చివర కోటు. మెన్నానాకు కళ్లు మసకబారాయి. ఈసారి కోపంతో కాదు. గబగబా మిద్దెక్కేసింది, కింద ఉంటే సార్జెంటు చూస్తాడని.

అల్లాల్ తన చేను గట్టు దాకా వచ్చి ఆగాడు. దారిలో దొరికిన చెప్పు తొడుక్కున్నాడు. జిలాలీ ఎదురెళ్లి అతన్ని పైనుంచి కింద దాకా చూశాడు.

"నీ మొహం ఇలా ఉంటుందా?" అన్నాడు. "పదకొండేళ్లుగా నీ వీపే చూశాను. సంతలో ఎదురుపడినా వెనక్కి తిప్పితే గానీ గుర్తుపట్టేవాణ్ని కాను."

"సంతకి వస్తే కదా," అన్నాడు అల్లాల్.

వియామ్ కాయితం తీసి పేరు పిలిచింది, తండ్రి పేరుతో సహా. ఆ పేరు వినగానే అల్లాల్ కాళ్లు పక్కకు జరగడం మెన్నానా మిద్దె మీంచి చూసింది. మడమ లేచింది. అతను మళ్లీ మడమ ఆనించి, రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, చేయి చాపి పక్కనున్న కాడను పట్టుకున్నాడు.

"నేనే," అన్నాడు.

"ఈ చేను ఎవరిది?"

ఆ ప్రశ్నకు ఆ ఊళ్లో జవాబు ఎప్పుడూ ఒకటే. తెలీదు. తాతల కాలం నుంచీ అదే జవాబు.

"నాది," అన్నాడు అల్లాల్. చాలలేదనిపించిందేమో, తలెత్తి ఇంకా గట్టిగా, కొండకు వినబడేంత గట్టిగా అన్నాడు: "నాది. అదుగో, ఆ మిద్దె మీదున్న ఆవిడదీ."

ఎదుటి కొండ ఆ మాట తిరిగి అంది. ఇన్నేళ్లూ ఆ కొండ మెన్నానా గొంతే మోసింది. అల్లాల్ గొంతు దానికి కొత్త.

వియామ్ నాలుగు కొసలు తుంచి సంచిలో వేసుకుంది. కాడ ఒకటి వంచి చూసి, విరగలేదని మెచ్చుకుంది. మేకపోతు కథ వినకుండా అల్లాల్ ఆమెను వదల్లేదు. అహ్మిదాన్ కోటుకు పట్టిన ముళ్లు ఏరుకుంటూ, "మేం అడవిలో ఎండు పుల్లలకు వెళ్లాం మేడం" అన్నాడు. "అందరూ ఒకేసారా?" అంది వియామ్. "సహకార సంఘం కదా మేడం, ఏ పనైనా కలిసే చేస్తాం" అన్నాడతను.

జిలాలీ సంకెళ్లు, తాళాలు, గింజలు అన్నీ జేబుల్లో వేసుకుని మిద్దె వైపు చూశాడు.

"లల్లా, అందరూ వచ్చేశారుగా. ఇక ఆ గుడ్డ తియ్యొచ్చు."

"ఇన్నాళ్లూ మీరు పోయాక ఆరేసేదాన్ని," అంది మెన్నానా. "ఇవాళ మీరున్నంతసేపూ ఉంటుంది."

మిగతా చేలు పైన ఉన్నాయి, బండ్ల దారి మలుపులు మలుపులుగా వెళుతుంది. దారి చూపించమంది వియామ్. జీపెక్కమన్నాడు సార్జెంటు. అల్లాల్ తల అడ్డంగా ఊపి, చేతులు వెనక్కి కట్టుకుని జీపుకు ముందు నడవడం మొదలుపెట్టాడు. గట్టు గట్టునా ఆగి, ఏది ఎవరి చేనో చెయ్యి చాపి చెబుతున్నాడు. వెనక జీపు గుర్రుగుర్రుమంటూ పాకుతోంది. జిలాలీ ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు.

మెన్నానా అంజూరాలు వదిలేసి, మిద్దె అంచున మందీల్ పక్కనే నిలబడి చూస్తోంది. అల్లాల్ జీపుకు ముందు పరుగెత్తడం ఆమె ఎన్నోసార్లు చూసింది. నడవడమే ఇవాళ మొదటిసారి.